చెప్పకుండా పోయే శివయ్య

పాల్మాకులలో శివయ్య గురించి ఎవరినడిగినా ముందు ఒకటే చెబుతారు: చెప్పకుండా పోయే మనిషి. మీ ఇంటికి వస్తాడు, చాయ్ తాగుతాడు, మీ కష్టమంతా వింటాడు, అంటే వినబడినంత మటుకు. తర్వాత ఉన్నట్టుండి లేచి చెప్పులేసుకొని నడుస్తాడు. "వస్త" అనడు. "ఉంట మల్ల" అనడు. మీరు లోపల్నుంచి రెండో గ్లాసు తెచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంటుంది.

మా దగ్గర అట్లా లేచిపోయేది ఒక్క చావింటి నుంచే. అక్కడ "వస్త" అంటే చావును మళ్లీ పిలిచినట్టు. అందుకని నోరు మెదపకుండా, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. మిగతా ఎక్కడైనా "పోతున్న" అనే మాట నోట రానివ్వరు. పోతూ కూడా "వస్త" అనే అంటారు. చదువు రాని ముసలమ్మ నుంచి ఎయిర్‌పోర్టులో కంప్యూటర్ ముందు కూర్చునే పిల్ల దాకా ఇది అందరికీ తెలుసు. శివయ్య ఒక్కడికే తెలియదని ఊరు తీర్మానించింది.

ఆయన భార్య రేణుకమ్మ పెళ్లయిన కొత్తలో దీనికే ఏడ్చేది. "డ్యూటీకి పొయ్యేటోడు ఒక్క మాట చెప్పి పోతే నోరు అరుగుతదా అన్నా? రోజూ నా ఇంటిని చావిల్లు చేసి పోతడు" అని ఒకసారి నాతోనే అంది. నేను నవ్వాను. "వాడికి పటాలంల పోయింది చెవి ఒక్కటే అనుకున్న వదినా, నాలుక గూడ పోయినట్టున్నది" అన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా పేరు రాఘవేందర్. శంషాబాద్‌లో ఒక చిన్న ఫంక్షన్ హాలు నడుపుతాను. అంతకుముందు పదిహేడేళ్లు ఫిరంగి దళంలో ఉన్నాను. శివయ్యా నేనూ ఒకే బ్యాటరీ. బ్యాటరీ అంటే టార్చిలైటులో వేసేది కాదు. ఆరు తోపులూ, అంటే ఫిరంగులూ, వాటి మనుషులూ కలిస్తే ఒక బ్యాటరీ. నేను మూడో తోపు మీద గురి కుదిర్చేవాణ్ని. శివయ్య వెనక గుంటలో వైర్‌లెస్ సెట్ ముందు కూర్చునేవాడు.

తోపు దగ్గరున్నవాడికి శత్రువు కనబడడు. మధ్యలో కొండ అడ్డం. ముందు కొండ మీద మనవాళ్లు నలుగురు పొంచి కూర్చుని, గుండు ఎక్కడ పడిందో చూసి, ఇంకో వంద మీటర్లు ముందుకనో, కుడికనో సెట్లో చెబుతారు. ఆ జట్టును ఓపీ అంటాం. శివయ్య విని అధికారికి చెబుతాడు, అధికారి లెక్క కట్టి మాకు చెబుతాడు, మేం తిప్పుతాం. నేను అద్దంలోంచి గురి చూసేది కూడా శత్రువు వైపు కాదు, వెనక పాతిన చారల కర్ర వైపు. కార్గిల్ యుద్ధమంతా నేను చూసింది ఒక కర్ర. ఎంతమందిని లేపేసినవన్నా అని ఎవరన్నా అడిగితే నాకు నవ్వొచ్చేది. కర్రను అడుగుర్రి అనేవాణ్ని.

ఓపీలో సెట్ మోసేవాడు జగదీశ్. శివయ్య వాడకట్టు పిలగాడే, వాడికన్నా మూడేళ్లు చిన్న. గోల్కొండలో మిలిటరీ భర్తీ ఉందంటే పాల్మాకుల నుంచి తన సైకిల్ మీద కూర్చోబెట్టుకొని తీసుకుపోయింది శివయ్యే. జగదీశ్ తల్లి రుక్కమ్మ అప్పటికే భర్త పోయిన మనిషి. "నీ చేతుల పెడుతున్న బిడ్డా, నువ్వే సూసుకోవాలె" అని శివయ్య చెయ్యి పట్టుకొని చెప్పిందట. కొండ మీద ఒకడు, కొండ వెనక ఒకడు, మధ్యలో ఒక తీగ లేని మాట. సెట్లో తెలుగు మాట్లాడొద్దని ఆర్డరు. అయినా అధికారి అటు తిరిగితే చాలు, వీళ్లిద్దరూ మక్కగట్క గురించీ, రుక్కమ్మ చేనులో జొన్న కంకేసిందా లేదా అనీ మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడా చేను ఎయిర్‌పోర్టు గోడ లోపల ఉంది.

జగదీశ్ తిరిగి రాలేదు. ద్రాస్ అవతల ఒక కొండ మీద, మేం ముక్కురాయి అని పేరు పెట్టుకున్న చోట, శత్రువు గుండ్లకు చనిపోయాడని కాగితం వచ్చింది. వాడికి ఇరవై రెండేళ్లు. శివయ్యకు అదే రోజు కుడి చెవి పోయింది. తోపులు పేలుతుంటే చెవులు మూసుకోకుండా ముందుకు పోయి నిలబడ్డాడని రిపోర్టులో రాశారు. బీడీ కోసం పోయుంటాడని మేం ఎగతాళి చేశాం. ఇరవై ఆరేళ్ల పాటు చేశాం.

సెప్టెంబర్ ఇరవై ఎనిమిది ఫిరంగి దళం వాళ్లకు పండుగ రోజు. ఉద్యోగాలు దిగి వచ్చాక, శంషాబాద్ నుంచి బాలాపూర్ దాకా ఉన్న మా పాత బ్యాటరీ వాళ్లం ఆ రోజు నా హాల్లో కలుస్తాం. నలభై మంది దాకా వస్తారు. మటన్, బగారా, పాత అబద్ధాలు. ప్రతి ఏడూ కొండలు కొంచెం ఎత్తు పెరుగుతాయి, చలి నాలుగు డిగ్రీలు దిగుతుంది. నేను మైకు పట్టుకుంటే ఇక దింపను. ముందు వరసలో నడిమి కుర్చీ రుక్కమ్మది. శాలువా కప్పాక ఆమె ఏడాదికొకసారి అడిగే మాట అడుగుతుంది.

"శివయ్యా, చెప్పు బిడ్డా. ఆఖరికి ఏమన్నడు నా కొడుకు?"

శివయ్య మామూలుగా మాట్లాడితేనే బాలాపూర్ లడ్డు వేలంలో పాట పెంచుతున్నాడా అనిపిస్తుంది. తన గొంతు తనకు వినబడదు. ఆ ఒక్క జవాబు మాత్రం చిన్నగా చెప్పేవాడు. "వస్తం అన్నా అన్నడు, అవ్వా."

"ఇన్నరా? వస్త అన్నడు నా కొడుకు" అని ఆమె అందరి వైపూ తిరిగి చెప్పేది. మేమందరం కళ్లు తుడుచుకునేవాళ్లం. తర్వాత చూస్తే శివయ్య ఉండేవాడు కాదు. విస్తరి ముందు కూర్చోకుండానే, చెప్పకుండా పోయేవాడు. తిండి వేళకు మాయమయ్యే సిపాయిని నేను వీణ్ని తప్ప ఇంకొకణ్ని చూడలేదు.

ఈ ఏడు నాకొక మంచి ఆలోచన వచ్చింది. నా మంచి ఆలోచనలతోనే నాకు భయం. పాల్మాకుల బడి ఆవరణలో జగదీశ్ పేర నల్లరాయి పెడదామన్నాను. అందరూ సరే అన్నారు. పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు, దాని కింద పెద్ద అక్షరాలతో వాడి చివరి మాట: "వస్తం అన్నా". రాయి చెక్కే మనిషి చెక్కేశాడు. ఆ ఫొటో మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ముప్పై ఏడు దండాలు వచ్చాయి. శివయ్య నుంచి ఏమీ రాలేదు. మనిషే వచ్చాడు.

శుక్రవారం పొద్దున పది గంటలకు హాల్లో లైట్ల దండలు కడుతున్నారు. శివయ్య కార్గో గోదాము దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్, డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. వచ్చీ రాగానే అరిచాడు.

"ఆ మాట తీసెయ్యిరా!"

"ఏ మాట?"

"రాయి మీదిది. వస్తం అన్నా అన్నది. గీకెయ్యి."

"రాతి మీద చెక్కింది గీకితే పోతదారా? పలక మీది బలపం గీతనా అది?"

"పోకపోతే రాయి పలగ్గొట్టు. నేను చెప్తున్న, ఆ రాయి లెవ్వొద్దు."

నిచ్చెన మీదున్న పనివాళ్లు చూస్తున్నారు. వాణ్ని వెనక వంటసామాన్ల గదిలోకి లాక్కుపోయి తలుపు వేశాను. దేగిశాల మధ్య, బోర్లించిన ఒక గుండిగ మీద కూర్చున్నాడు. ఎడమ చెవి నా వైపు తిప్పి, రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకొని మొదలుపెట్టాడు. మెల్లగా చెప్పురా అంటూనే ఉన్నాను. మెల్లగా చెప్పడం వాడి చేతుల్లో లేదు. ఇరవై ఆరేళ్లు దాచిన మాటను ఆ గుండిగలన్నీ మోగేట్టు అరుస్తూ చెప్పాడు. ఒకటి వెనక ఒకటి విమానాలు దిగితే బాగుండు, ఇది ఎవరికీ వినబడకుండా పోతుంది అనుకున్నాను. ఆ గంటలో రెండే దిగాయి.

జగదీశ్ పోయిన రోజుకు ముందు సాయంత్రమే ఓపీ కెప్టెన్‌కు తూటా తగిలి కిందికి దింపారు. పైన జగదీశ్‌తో కలిపి ముగ్గురు మిగిలారు. తెల్లవారుతుండగా, ముక్కురాయి మీదికి శత్రువులు పాకుతున్నారని మాకు కబురు వచ్చింది. కాల్చాలి. కాల్చేముందు అక్కడ మనవాళ్లు లేరని తేల్చుకోవాలి. మా అధికారి, పంజాబీ ఆయన, ఓపీ వాళ్లు ఎక్కడున్నారో అడగమని శివయ్య నెత్తి మీద నిలబడ్డాడు.

"సెట్ల ఒకటే గరగర. పైన చలికి వాని సెట్ సచ్చిపోతున్నది. కోడ్‌ల అడిగిన, పలుకలే. జగ్గా, యాడున్నరురా అని తెలుగుల అడిగిన. గప్పుడు పలికిండు. 'ఇగ వస్తం అన్నా' అన్నడు. గంతే, తెగింది. సాబ్ నా భుజం పట్టి ఊపుతున్నడు. క్యా బోలా, క్యా బోలా అని. నేనన్న... 'ఆ రహే హై సాబ్' అన్న."

"సరే కదరా. వస్తం అన్నడు, వస్తున్నరని చెప్పినవు. అండ్ల తప్పేముంది?"

శివయ్య నా మొఖం చూశాడు.

"ఇంట్లకెళ్లి బయటికి పొయ్యేటప్పుడు నువ్వేమంటవురా?"

"వస్త" అనబోయి ఆగాను.

"పోతున్నడురా వాడు. కొండెక్కే సిపాయిల కంపెనీతోటి ముక్కురాయికి పోతున్నడు. పానాల మీదికి పొయ్యేటోడు పోతున్న అంటడా? మన పిలగాడు అంటడా? వస్తం అన్నడు. పొయ్యొస్తం అన్నా అని నాకు చెప్పి పోయిండు. నేనేమో దాన్ని తెలుగుల ఇని హిందీల చెప్పిన. సాబ్ ఏమనుకుంటడు? ఎనకకు దిగొస్తున్నరు, రాయి ఖాళీ అనుకున్నడు. ఇరవై నిమిషాలకు మీరు కాల్చిన్రు."

మీరు కాల్చిన్రు. నన్ను పొడవాలని అన్న మాట కాదు అది. ఉన్న సంగతి చెబుతున్నాడు. ఆరు తోపులు, ఒక్కోదానికి పది గుండ్లు. అందులో మూడోది నాది. ఆ పొద్దున నా అద్దంలో కర్ర ఎంత చక్కగా కుదిరిందో కూడా నాకు గుర్తుంది. శభాష్ అన్నారు నన్ను.

"వాళ్ల గుండ్లు గూడ పడుతుండె కదరా" అన్నాను. "ఏది ఎవనిదో దేవునికెరక."

"మన గుండ్లు రాయి మీద పడ్డ టైము నాకెరక."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"గప్పుడే. నోట్లకెళ్లి మాట ఎల్లినంక సమజైంది. పదిసార్లు పిలిచిన జగ్గా జగ్గా అని. పలుకలే. సాబ్ అటు తోపుల కాడికి పోయిండు. నేను లేచి ఉరికిన. ఆపుర్రి ఆపుర్రి అని నీ తోపు ముందటికే ఉరికొచ్చిన. చేతులు రెండు లేపి ఒర్రిన. నువ్వు నన్ను సూడలే. ఎనక కర్రను సూస్తున్నవు. గప్పుడు పేలింది."

బీడీ కోసం కాదు. వాడి చెవి పోయింది నా తోపు నోటి ముందు. ఏటేటా మైకులో ఆ బీడీ జోకు చెప్పి నలభై మందిని నవ్వించింది నేనే.

సిగ్గుతో చచ్చిపోవాల్సిన చోట నాకు కోపం వచ్చింది. నా గుణమే అంత. "గప్పుడే సాబ్‌కు ఎందుకు చెప్పలే?" అని వాడి మీద విరుచుకుపడ్డాను.

"మొదాలు భయపడ్డ. తర్వాత వాని శవప్పెట్టె తీస్కొని ఊరికొచ్చినం. పెట్టె మీద పడి అవ్వ అడిగింది, ఆఖరికి ఏమన్నడు బిడ్డా అని. ఏమని చెప్పాలె? ఉన్న మాటనే చెప్పిన. వస్తం అన్నడు అన్న. ఆమె ఆ మాట పట్టుకున్నది. ఇడువలే. ఏటేటా నాతోటి చెప్పించుకుంటది. ఒక్క దినం ఆ మాట నా నోట రావాలంటే ఏడాదంత దాన్ని ఏడా అనకుంట దాసుకుంటరా నేను. ఇంట్ల అనలే. రేణుకకు గూడ అనలే."

"అయితే ఇరవై ఆరేండ్లు మింగినోనివి, ఇంకో రెండేండ్లు మింగు. ముసలామె ఇంకెన్నాళ్లుంటది? చెప్తే నీ బరువు దిగుతది, ఆమె బతుకు కూలుతది."

"రాయి ఉంటది కదరా" అన్నాడు. "నేను పోయినా ఉంటది, ఆమె పోయినా ఉంటది. బడి పిల్లలు సదువుతరు. నా తప్పును పూలదండేసి నిలవెడుతవా?"

జవాబు లేనప్పుడు చేసే పని చేశాను, గట్టిగా తిట్టాను. వాడు లేచి, ఎప్పటిలాగే ఏమీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

తెల్లారి శనివారం రేణుకమ్మ ఫోన్ చేసింది. "అన్నా, మీ దోస్తు రాత్రంత కూసునే ఉన్నడు. పొద్దుగాల్నే తలకు పోసుకొని రుక్కవ్వ ఇంటికి పోతున్న అన్నడు. ఎన్నడు లేంది పోతున్న అని నోటితోటి చెప్పిండు. నాకు భయమైతున్నది, జర వోయి సూడు" అంది. బండి తీసి పాల్మాకులకు పరుగు తీశాను. హైవే మీద లారీల మధ్య దూరిపోతూ ఒకటే అనుకున్నాను: చెప్పనియ్యొద్దు. రుక్కమ్మ కోసం అనుకుంటున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. సగం నా కోసమే.

నేను చేరేసరికి రుక్కమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. శివయ్య ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. అప్పటికే మొదలుపెట్టేశాడు. వాడి గొంతు ఎంత చిన్నగా ఉందంటే రెండడుగుల దూరంలో నిలబడితే తప్ప నాకు వినబడలేదు. నడుమ ఒక విమానం వచ్చింది. మా ఊళ్లలో విమానం పోతుంటే మాట ఆపి, అది పోయాక అక్కడే అందుకుంటాం. వాడూ ఆపాడు. ఆమె కూడా కాయ చేతిలో పట్టుకొని ఆగింది. ఆ శబ్దంలో వాణ్ని లాక్కుపోయి ఉండాల్సింది. నిలబడి చూశాను.

శివయ్య మొత్తం చెప్పాడు. తెలుగులో విన్నది, హిందీలో చెప్పింది, పరుగెత్తింది, అన్నీ. రుక్కమ్మ ఇంకో నాలుగు కాయలు తీసింది. తర్వాత చేట పక్కకు పెట్టింది.

"నేనే నేర్పిన" అంది.

శివయ్య తల ఎత్తాడు.

"ఒకటో తరగతిల ఏసిన దినం పలక సంచి ఏసుకొని, అవ్వా పోతున్న అన్నడు. ఇంటాయన పోయి నెల గాలే. నాకు పానం జల్లుమన్నది. పోతున్న అంటవురా ముండాకొడుకా అని మూతి మీద కొట్టిన. పెదవి పలిగి నెత్తురొచ్చింది. వస్త అను, వస్త అను అని పదిసార్లు అనిపిచ్చిన. ఇగ ఆనాటికెల్లి ఎన్నడు పోతున్న అనలే వాడు. పాల పాకిటుకు పోయినా వస్తవ్వా అనేటోడు."

ఆమె శివయ్యనే చూస్తూ అడిగింది.

"పోతున్న అంటే బతుకుతుండెనా బిడ్డా?"

కాదను. చావు రాసిపెట్టి ఉంటే మాటదేముంది అను. ఒక్క అబద్ధం చెప్పరా అని నేను వాడి వెనక నిలబడి మనసులో మొక్కుకున్నాను. ఇరవై ఆరేళ్ల తర్వాత నిజం చెప్పడం మొదలుపెట్టినవాడికి ఎక్కడ ఆపాలో తెలియదు.

"బతుకుతుండె, అవ్వా" అన్నాడు.

ఆమె ఏడవలేదు. ఏడిస్తే మేం ఏదో ఒకటి చేసి ఉండేవాళ్లం. కొంగుతో మూతి ఒత్తుకుంది, ఎవరో అక్కడ కొట్టినట్టు. తర్వాత "తోపు ఎవరు పేల్చిన్రు?" అని అడిగింది.

"ఆరు తోపులవ్వా. ఏదన్నది ఎరకలేదు."

నా వైపు చూడలేదు శివయ్య. అంత బరువు మోస్తూ కూడా నన్ను పక్కకు తప్పించాడు. నేను ఆ ఉపకారాన్ని నోరు మూసుకొని తీసుకున్నాను.

"రాయి పెట్టుమంటవా వద్దా అవ్వా?" అని అడిగాను చివరికి. ఏదో ఒకటి అడగాలి కదా.

"పెట్టుర్రి. నాకేమన్న సదువొస్తదా" అంది.

ఆదివారం, ఇరవై ఎనిమిదిన, ఈ ఏడు హాల్లో కాకుండా బడి ఆవరణలోనే టెంటు వేశాం. బతుకమ్మ రోజులు, ప్రహరీ మీద పిల్లలు తెచ్చిపెట్టిన తంగేడు పూలున్నాయి. నలభై మందీ మెడల్స్ పెట్టుకొని వచ్చారు. నా చేతికి మైకు ఇస్తే హరిప్రసాద్‌కు ఇచ్చేశాను. గొంతు బాగాలేదన్నాను. బాలాపూర్ హరిప్రసాద్ మా బ్యాటరీలో అందరికన్నా చిన్నవాడు, నన్ను చూసే బీడీ జోకు నేర్చుకున్నాడు. వాడు ఆ జోకు వేశాడు, అందరూ నవ్వారు. శివయ్య వెనక వరసలో తల వంచుకొని ఉన్నాడు.

రాయి మీద గుడ్డ తీశారు. రుక్కమ్మను ముందుకు తీసుకొచ్చారు. "ఆ మాట యాడున్నదిరా?" అని నన్ను మెల్లగా అడిగింది. ఆమె చెయ్యి పట్టుకొని ఆ అక్షరాల మీద పెట్టాను. జనగణమన పాడుతున్నంతసేపూ ఆమె అరచేయి అక్కడే ఉంది, ఆ మాటను కప్పేసి. ఫొటోగ్రాఫర్ చెయ్యి తియ్యమ్మా అన్నాడు. తియ్యలేదు. ఈ ఏడు ఆమె ఆఖరి మాట అడగలేదని కూడా ఎవరూ గమనించలేదు. తిండి వాసన వస్తోంది.

భోజనాలయ్యాక ఒక్కొక్కరూ సెలవు తీసుకోవడానికి ఆమె కుర్చీ దగ్గరకు వచ్చారు. ముందు హరిప్రసాద్ వచ్చి కాళ్లకు మొక్కాడు.

"వస్తనవ్వా, పైలం" అన్నాడు.

"పోతున్న అను బిడ్డా."

హరిప్రసాద్ నవ్వాడు. "గట్ల అంటరా అవ్వా?"

"అను. పొయ్యేటోడు పోతున్న అనాలె. సాఫ్ చెప్పాలె. ఇనేటోనికి సమజ్ గావాలె."

వాడు నా వైపు చూశాడు. నేను నేల చూశాను. "పోతున్నవ్వా" అన్నాడు వాడు, నోట్లో నోట్లో.

"గట్టిగ అను."

"పోతున్నవ్వా."

"ఆఁ. పో."

ఇన్నేళ్లూ ఎవరు సెలవడిగినా "పొయ్యి రా బిడ్డా" అనే మనిషి. అందులోంచి "రా" తీసేసింది. ఆ తర్వాత వచ్చినవాళ్లందరితోనూ అదే అనిపించింది. కొందరు పెద్దామెకు మతి తప్పిందని చెవులు కొరుక్కున్నారు. కొందరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎందుకో వాళ్లకే తెలియదు. గడ్డాలు నెరిసిన మగవాళ్లు, కన్నతల్లి దగ్గర ఎన్నడూ ఆ మాట అననివాళ్లు, వరసగా నిలబడి ఒక్కొక్కరే "పోతున్నవ్వా" అని చెప్పి వెళ్లిపోయారు. ఆమె ఒక్కొక్కరికీ "పో" అంది.

శివయ్య అందరి వెనక వచ్చాడు. ఆమె ముందు నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. ఇరవై ఆరేళ్లుగా "వస్త" అనలేదు వాడు. నిన్న పొద్దున పెళ్లానికి "పోతున్న" అని చెప్పి వచ్చి ఏం చేశాడో చూసుకున్నాడు. ఇక వాడికి మిగిలిన మాట లేదు.

"నాకు ఏ మాటా వస్తలేదవ్వా" అన్నాడు.

"అయితే కూసో" అంది ఆమె. "వచ్చిందాక కూసో."

వాడు ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. నా పనివాళ్లు వాళ్లిద్దరి చుట్టూ కుర్చీలు మడిచి లారీలో వేశారు. టెంటు దింపారు. ఎండ మీద పడింది. ఇద్దరూ కదల్లేదు, ఒకరి వైపు ఒకరు చూసుకోనూ లేదు. ఇప్పటికీ డ్యూటీ దిగగానే వాడు ఆ అరుగు దగ్గరికి పోయి అట్లాగే కూర్చుంటాడని, ఆమె అట్లాగే కూర్చోనిస్తుందని రేణుకమ్మ చెబుతుంది. ఏం మాట్లాడుకుంటారని అడిగితే ఏమీ లేదంటుంది.

చివరికి నేనొక్కణ్నే మిగిలాను. లారీ కదిలింది. తప్పదు కాబట్టి దగ్గరకు పోయాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

"నువ్వు యే తోపు మీదుంటివి బిడ్డా?"

శివయ్య తల దించుకునే ఉన్నాడు. ఆమె ఉన్నది చెవిటి వైపు, కాబట్టి విన్నాడో లేదో తెలియదు. మైకు పట్టుకుంటే దింపని నేను, రెండు చేతులూ ఏం చేసుకోవాలో తెలియక నిలబడ్డాను.

"మూడో దాని మీద" అన్నాను.

ఆమె తల ఊపింది. పో అనలేదు, కూర్చో అనలేదు. నేనూ ఏమీ చెప్పకుండా, వెనక్కి చూడకుండా బండి దగ్గరకు నడిచాను.

మరునాడు పొద్దున హాలుకు బయలుదేరుతుంటే నా భార్య ప్రసన్నలక్ష్మి వంటింట్లోంచి అడిగింది, "పోతున్నవా ఏంది?" అని. చెప్పులేసుకున్నాను. నోరు తెరిచాను. గేటు తీసుకొని రోడ్డు మీదికి వచ్చేశాను. వెనక నుంచి ఆమె పిలుస్తూనే ఉంది.